ఆశ్రయ గృహం పిల్లలకు సర్కస్ విద్యలు నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: ఆశ్రయ గృహంలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లలు 24 మంది ఉన్నారు. కొందరు వీధి నుంచి వచ్చినవాళ్లు, కొందరు ఇంట్లో హింస చూసినవాళ్లు, ఒకరిద్దరి మీద కేసులూ ఉన్నాయి. వారానికి రెండు సాయంత్రాలు ఒక హాలు దొరుకుతుంది. ఫీట్లు బాగా వచ్చిన శిక్షకుడు ఒకాయన ముందుకొచ్చాడు. ఏ సామాను తేవాలి, దెబ్బలు తగలవా, మూడు నెలలు తిరిగేసరికి దాతల ముందు ప్రదర్శన పెట్టొచ్చా?

ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు: దాతల ముందు వద్దు. కారణం కిందకి వస్తుంది. మిగతాదంతా మీ దగ్గరున్న వనరులతో చేయదగిన పనే, శిక్షకుడొక్కడితో మాత్రం కాదు.

ఈ పద్ధతిని సోషల్ సర్కస్ అంటారు. కళాకారులను తయారుచేయడం దీని పని కాదు, సర్కస్ విద్యల ద్వారా పిల్లల్లో ధైర్యం, నమ్మకం పెంచడం. ఇది ఎందుకు పనిచేస్తుందో పట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ వాటంతటవే తేలతాయి. ఈ పిల్లలకు తప్పు చేయడమంటే ఏదో ఒక శిక్ష: బడిలో ఎర్ర సిరా, ఇంట్లో దెబ్బ, వీధిలో అంతకంటే పెద్దది. మూడు బంతులు ఎగరేయడం నేర్చుకునే పిల్లవాడి చేతిలోంచి ఒక సాయంత్రంలో వందసార్లకు పైగా బంతి జారిపోతుంది. ప్రతిసారీ జరిగేది ఒకటే, వంగి తీసుకుని మళ్లీ ఎగరేయడం. తప్పు ఇంత చవగ్గా, ఇంత బాహాటంగా, ఇన్నిసార్లు జరిగిపోయే చోటు ఇలాంటి పిల్లలకు మరొకటి దొరకదు. కాబట్టి ఏ సామాను తెచ్చినా, ఏ నియమం పెట్టినా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనివల్ల బంతి కింద పడటం తేలికవుతుందా, బరువవుతుందా?

ముందు పెద్దవాళ్ల సంగతి. కెనడా సర్కస్ సంస్థ సర్క్ దు సొలే 1995లో మొదలుపెట్టిన సర్క్ దు మోండ్ కార్యక్రమం జంట పద్ధతిలో నడుస్తుంది: ఒక సర్కస్ శిక్షకుడు, పక్కనే ఒక సామాజిక కార్యకర్త. శిక్షకుడి కళ్లు చేతుల మీద, పాదాల మీద ఉంటాయి. కార్యకర్త కళ్లు ముఖాల మీద ఉంటాయి. ఎవరు ఇవాళ మాట్లాడటం లేదు, ఎవరు ఎవరి పక్కన నిలబడటం లేదు, ఎవరు పొడుగు చేతుల చొక్కా విప్పనంటున్నారు అన్నవి రెండో వ్యక్తి చూడాల్సినవి. గొడవ మొదలైతే కార్యకర్త ఆ ఇద్దరినీ పక్కకు తీసుకెళ్తారు, శిక్షకుడు మిగతా పదిమందితో పని ఆపకుండా నడిపిస్తాడు. ఒక్కడే ఉంటే గొడవ చూడాలి, లేదా పిరమిడ్ (ఒకరి మీద ఒకరు ఎక్కి కట్టేది) మీదున్న పిల్లను చూడాలి. రెండూ ఒకేసారి కుదరవు. ఈ రెండో వ్యక్తి బయట ఫోన్ చూసుకుంటూ కూర్చోకూడదు. పిల్లలతో పాటు బంతులు ఎగరేయాలి, పిల్లల ముందే పారేసుకోవాలి. పెద్దవాళ్లు తప్పు చేసి నవ్వుకోవడం చూడటం కొందరు పిల్లలకు అదే మొదటిసారి.

24 మందినీ ఒకేసారి పట్టకండి. పన్నెండు మందికి ఇద్దరు పెద్దవాళ్లు, అదీ లెక్క. 11–13 ఏళ్లవాళ్లు ఒక జట్టు, 14–17 ఒక జట్టు చేసి ఒక్కో జట్టుకు గంటన్నర ఇవ్వండి. పిల్లల మధ్య ముఠాల గొడవ ఉంటే ముందే తెలుసుకోండి, కానీ విడదీయడమే మందు అనుకోకండి. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో 1985లో మొదలైన కమ్యూనిటీ సర్కస్ స్కూలు ఒకరి వీధిలోకి ఒకరు రాని క్యాథలిక్, ప్రొటెస్టెంట్ కుటుంబాల పిల్లలను ఒకే హాల్లోకి తెచ్చింది. అయితే శత్రువులిద్దరినీ మొదటి వారమే ఒకరి భుజం మీద ఒకరిని ఎక్కించకూడదు. ముందు ఆరడుగుల దూరం నుంచి ఒకే బంతి విసురుకోవడం, ఆ తర్వాత పక్కపక్కన నిలబడి చెరొక చెయ్యి కలిపి ఇద్దరూ కలిసి ఒకే జగ్లింగ్ (బంతులు వరసగా ఎగరేసి పట్టుకోవడం) చేయడం. ఒళ్లు తగిలే పని ఆఖర్న వస్తుంది.

హాలు గురించి రెండు మాటలు. పైకప్పు మూడున్నర మీటర్లకు తగ్గకూడదు. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే రుమాళ్లు, ఈకలు నిలవవు. ఫ్యాన్ కింద పిరమిడ్ అయితే అసలు ఆలోచించకండి. ట్యూబులైటుకు ఎదురుగా నిలబెడితే పైకి చూసిన పిల్లకు బంతి కనపడదు, తనకు రాదనుకుంటుంది. తలుపు అందరికీ కనపడాలి, లోపలి నుంచి గడియ పెట్టకూడదు. పారిపోయే అలవాటున్న పిల్ల తలుపు తెరిచి ఉంటేనే లోపల ఉంటుంది. విజిల్, హఠాత్తుగా లైట్లు ఆర్పడం, వెనకనుంచి అరవడం మానేయండి. చెయ్యి పైకెత్తితే అందరూ ఎత్తి ఆగాలన్న ఒక్క సంకేతం చాలు. వినికిడి తక్కువున్న పిల్లలకూ అదే పనికొస్తుంది.

సామాను

పిల్లల మధ్య గొడవలకు పెద్ద కారణం కోపం కాదు, వంతు కోసం ఎదురుచూడటం. పన్నెండు మందికి ఒక ఒంటిచక్రం సైకిల్ కొంటే ఒకరు తొక్కుతారు, పదకొండు మంది తన్నుకుంటారు. అందుకే మొదటి నెల అందరి చేతిలోనూ ఒకేసారి ఉండగలిగే వస్తువులే వాడాలి. పన్నెండు మందికి పల్చటి నైలాన్ రుమాళ్లు 36 (సుమారు 65–70 సెంటీమీటర్ల చదరం), గింజలు నింపిన బంతులు 40, తిప్పే ప్లాస్టిక్ పళ్లేలు కర్రలతో సహా 12, నెమలి ఈకలు 12, ఐదు సెంటీమీటర్ల మందం చాపలు ఆరు. రెండో నెలలో డయాబొలోలు (రెండు కర్రలకు కట్టిన దారం మీద తిప్పే, నడుము సన్నగా ఉండే చక్రం) ఆరు, రోలా బోలా పలకలు (గొట్టం మీద పెట్టి నిలబడేవి) మూడు, చేత్తో పట్టుకునే కొయ్యకాళ్లు మూడు జతలు.

రబ్బరు బంతులు, టెన్నిస్ బంతులు వద్దు. పడితే దొర్లిపోయి దాన్ని వెతకడానికే సాయంత్రం గడిచిపోతుంది, పైగా తప్పు చేసిన సంగతి హాలంతా చప్పుడు చేసి చెప్తుంది. గింజల బంతి పడ్డచోటే ఉంటుంది. దాన్ని పిల్లలచేతే చేయించండి. చిన్న చిరుధాన్యం గింజలు 100–110 గ్రాములు పల్చటి ప్లాస్టిక్ సంచిలో వేసి ముడి కట్టాలి. బెలూన్ మెడ కత్తిరించి దాన్ని సాగదీసి తొడగాలి, దాని మీద ఇంకొకటి, ఆపైన మూడోది అడ్డంగా. పూర్తిగా బిగిసిపోయేలా నింపితే అరచేతిలో నిలవక ఎగిరిపోతుంది. నొక్కితే కాస్త లొట్టపోవాలి. గింజలను ముందు ఎండబెట్టకపోతే నెలలో పురుగు పడుతుంది. రబ్బరు పడని పిల్లలుంటే బెలూన్ బదులు పాత మేజోడు వాడండి: మడమ దాకా గింజల సంచి వేసి, మెలితిప్పి, మిగిలిన పొడుగును వెనక్కి తిప్పి తొడిగి కుట్టేయాలి. ఒక్కొక్కరికి మూడేసి. ఆ మూడూ వాళ్లవే, గది అలమారలో వాళ్ల పేరున్న సంచిలో ఉండాలి. సొంత వస్తువంటూ లేని పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

మొదటి గంటన్నర

పది నిమిషాలు వలయంగా కూర్చోవడం. పేరు, ఇవాళ ఎలా ఉన్నావో వేళ్లతో చూపడం (ఒక వేలు బాగాలేదు, ఐదు వేళ్లు బాగుంది). చెప్పనంటే బలవంతం లేదు, పిడికిలి చూపినా సరే. తర్వాత పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కే ఆటలు, ఓడినవాళ్లు బయటికి పోయే ఆటలు తప్ప. తర్వాత నలభై నిమిషాలు విద్య, పదిహేను నిమిషాలు ఎవరికి నచ్చింది వాళ్లు చేసుకోవడం, చివరి పది నిమిషాలు మళ్లీ వలయం. ఈ వరస మూడు నెలలూ మారకూడదు. తర్వాత ఏం జరగబోతోందో తెలిసి ఉండటమే ఈ పిల్లలకు సగం ధైర్యం.

మొదటి రోజు నెమలి ఈకతో మొదలుపెట్టండి. అరచేతిలో నిలబెట్టి, చేతిని కాకుండా ఈక కొసను చూడమనాలి. చూపు కింద ఉన్నంతసేపూ పడుతుంది, పైకి వెళ్లగానే నిలుస్తుంది. ఈక నెమ్మదిగా వాలుతుంది కాబట్టి సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది, రెండు మూడు నిమిషాల్లో దాదాపు అందరికీ వచ్చేస్తుంది. తర్వాత పళ్లెం: దాని అడుగున ఉన్న అంచుకు కర్ర కొస తగిలించి మణికట్టుతో గుండ్రంగా తిప్పాలి, మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా. పళ్లెం బల్లపరుపుగా లేవగానే మణికట్టు టక్కున ఆపేస్తే కొస మధ్య గుంటలోకి జారి దానంతటదే తిరుగుతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు మోచేయి మొత్తాన్ని తిప్పడం. మొదటి సాయంత్రమే ఏదో ఒకటి సాధించకుండా ఎవరూ హాలు దాటి పోకూడదు, ఈ రెండింటినీ ముందు పెట్టేది అందుకే.

పదహారేళ్లవాళ్లకు మాత్రం రంగు రుమాళ్లు చూపిస్తే చిన్నపిల్లల ఆట అని వెళ్లిపోతారు. వాళ్ల జట్టులో డయాబొలో ముందుకు తెండి. దారం పొడవు నేల నుంచి ఛాతీ దాకా వస్తే సరిపోతుంది. కుడిచేతివాటం వాళ్లు నేల మీద కుడి నుంచి ఎడమకు దొర్లించి లేపి, కుడి కర్రతో మాత్రమే లాగుతూ వేగం పెంచాలి. రెండు చేతులతోనూ లాగితే ఒకదాని తిప్పుడును ఇంకోటి చెరిపేస్తుంది. అది పక్కకు తిరిగిపోతుంటే దాన్ని తిప్పాలని చూడకుండా తామే ఒళ్లు తిప్పి దానికి ఎదురుగా రావాలి.

మూడు బంతులు

కార్యక్రమానికి వెన్నెముక ఇదే కాబట్టి కాస్త వివరంగా. ముందు రుమాళ్లతో వరస అలవాటు చేయండి. రుమాలు గాలిలో తేలుతుంది, చేతికి ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. తర్వాత ఒక బంతి: మోచేతులు నడుము దగ్గర, అరచేతులు పైకి, బంతి ఒక చేతి నుంచి రెండో చేతికి కంటి ఎత్తుకు కాస్త పైగా వంపు తిరిగి పోవాలి. వంపు ఎత్తు ప్రతిసారీ ఒకటే ఉండేదాకా ఇక్కడే ఉండాలి. చాలామంది శిక్షకులు ఈ మెట్టును తొందరగా దాటించేస్తారు, తర్వాతి కష్టాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

రెండు బంతుల దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. మొదటి బంతి వంపు శిఖరానికి చేరగానే రెండోది దాని కింది నుంచి విసరాలి: విసురు, విసురు, పట్టు, పట్టు. ప్రతి పిల్లా చేసే తప్పు రెండో బంతిని విసరకుండా అడ్డంగా చేతికి అందించడం. ఊరికే "అందించకు" అంటే తగ్గదు. మొదట రెండింటినీ పట్టుకోవద్దు, కింద పడనివ్వు, విసరడం మాత్రమే చెయ్యి అనండి. పట్టుకోవాలన్న భయం పోతే చెయ్యి సరిగ్గా విసురుతుంది. ఎడమచేత్తో మొదలుపెట్టి కూడా రావాలి. మూడోది చేర్చేటప్పుడు రెండు బంతులున్న చేతితో మొదలుపెట్టి మూడు విసుర్లు విసిరి ఆపేయాలి. మూడూ పట్టుకున్నాక నాలుగో విసురు, తర్వాత ఐదో విసురు. ముందుకు పరుగెత్తుకుంటూ విసిరేవాళ్లను గోడకు ఎదురుగా చెయ్యి చాపినంత దూరంలో నిలబెట్టండి. వంగి వంగి విసుగొచ్చినవాళ్లు మంచం లేదా బల్ల ముందు నిలబడితే బంతులు నడుము ఎత్తులోనే ఆగుతాయి.

వారానికి రెండు తరగతులతో కొందరికి రెండో వారంలో వస్తుంది, కొందరికి రెండు నెలలు పడుతుంది. ముందు వచ్చినవాళ్లను వెంటనే సహాయకులుగా పెట్టాలనిపిస్తుంది. పెట్టండి, కానీ ఒక షరతు: చూపించవచ్చు, బంతి ముట్టుకోకూడదు. లేకపోతే ఆశ్రయ గృహంలో ఉన్న పెద్దరికమే ఇక్కడికీ వచ్చి కూర్చుంటుంది.

"బంతి పడితే చప్పట్లు" అన్న పద్ధతిని కొన్నిచోట్ల వాడతారు. ఒళ్లు మరిచి అందరూ కలిసి చేసేటప్పుడు బాగుంటుంది. ఒక్కరే నేర్చుకుంటున్నప్పుడు కొడితే అది ఎగతాళిలా వినపడుతుంది. చూసి వాడండి.

పిరమిడ్, ముట్టుకోవడం

నమ్మకం పుట్టేది ఇక్కడే, దెబ్బలు తగిలేదీ ఇక్కడే. ఐదో వారం కంటే ముందు వద్దు.

కింద ఉండే పిల్ల చేతులు, మోకాళ్ల మీద ఉండాలి: భుజాల కింద అరచేతులు, తుంటి కింద మోకాళ్లు, వీపు బల్లలా. బరువు పడాల్సిన చోట్లు రెండే, కటి ఎముక మీద, భుజం ఎముకల మీద. వీపు మధ్యలో మోకాలు పెడితే వెన్ను వంగుతుంది, పైనున్నవాళ్లు జారతారు. ఎక్కడం వెనకనుంచి, దిగడమూ వెనక్కే. పైనుంచి దూకనివ్వకూడదు. వట్టికాళ్లు, మేజోళ్లు లేకుండా. గాజులు, గొలుసులు, బెల్టులు, జేబులో తాళాలు తీసేయాలి. మూడు–రెండు–ఒకటి పిరమిడ్‌లో లెక్క చూడండి: కింది వరసలో చివరి ఇద్దరి మీద ఒక్కొక్కరికి ముప్పావు మనిషి బరువు పడుతుంది, మధ్యవాడి మీద మనిషిన్నర. అందుకే బలమైనవాళ్లు మధ్యలో ఉండాలి, పొడుగు చూసి కాదు. చాలాచోట్ల ఫొటో అందంగా రావాలని చిన్నపిల్లను మధ్యలో పెడతారు, కూలేదీ అక్కడే. మూడు లెక్కపెట్టేంత సేపు చాలు. పక్కలకు ఒక్కొక్కరు, ముందు ఒకరు, వెనక ఒకరు కాపలా. ఎవరైనా, కిందవాళ్లయినా, "దిగు" అంటే కారణం అడగకుండా పైనుంచి వరసగా దిగిపోవాలి. ఈ మాటను ముందు ఉత్తుత్తిగా పదిసార్లు సాధన చేయించండి. తన మాటకు నలుగురు వెంటనే ఆగిపోవడం చూసిన పిల్ల ముఖం మీరే చూస్తారు.

లైంగిక హింస ఎదుర్కొన్న పిల్లలు ముట్టుకుంటే బిగుసుకుపోవచ్చు, వెకిలిగా నవ్వొచ్చు, కొట్టనూ వచ్చు. మూడింటికీ అర్థం ఒకటే కావచ్చు. అందుకని ప్రతిసారీ, ప్రతి పిల్లనూ అడిగి ముట్టుకోవాలి: "భుజం పట్టుకోనా?" ఎక్కడ పట్టుకుంటామో ముందే చూపించాలి, భుజాలూ నడుం పక్కలూ తప్ప వేరేచోటు వద్దు. నిన్న సరేనన్న పిల్ల ఇవాళ వద్దంటే అదే మాట చెల్లుతుంది. ఎక్కనంటే లెక్కపెట్టే పని, లయకు తాళం కొట్టే పని, కాపలా పని ఉన్నాయి. ఇవి ఓదార్పు పనులు కావు, ఎవరో ఒకరు చేయకపోతే పిరమిడ్ లేవదు. ఆడపిల్లలు వేరే సమయం అడిగితే ఇవ్వండి. పొట్టి దుస్తులు అక్కర్లేదు, వదులుగా లేని ప్యాంటు, చొక్కా చాలు.

సర్కస్ అన్న మాటే గాయమైన పిల్లలూ ఉంటారు. నేపాల్ నుంచి అక్రమంగా భారతదేశంలోని సర్కస్‌లకు తరలించిన పిల్లల్లో బయటపడ్డ కొందరు పెద్దయ్యాక సర్కస్ కఠ్మాండు అనే బృందంగా ఏర్పడ్డారు. వాళ్లు ఆ విద్యను తిరిగి తమది చేసుకున్నారు, కానీ అది వాళ్లు ఎంచుకున్న దారి. మీ దగ్గరి పిల్లల గతంలో అలాంటిదేమైనా ఉందేమో మొదలుపెట్టేముందే వాళ్ల కేసు చూసేవారిని అడగండి.

పిల్లిమొగ్గలు నేర్పేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, భుజాల వెనక భాగం ముందు నేలకు తగలాలి, నడినెత్తి కాదు. తల వెనక చెయ్యి పెట్టి తోయకూడదు. మెడ నొప్పి అన్నవాళ్లకు ఆ రోజు మొగ్గలు లేవు.

రోలా బోలా అంటే గొట్టం మీద పలక. పలక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 75 సెంటీమీటర్లు × 28 సెంటీమీటర్లు, అడుగున రెండు చివరలా ఆపుడు చెక్కలు. గొట్టం 10–11 సెంటీమీటర్ల వ్యాసం. ఆపుడు చెక్కలు లేకపోతే గొట్టం బయటికి జారి పిల్ల వెల్లకిలా పడుతుంది. ఎత్తుగా ఉన్న వైపు ముందు కాలు వేస్తే పలక బాణంలా దూసుకుపోతుంది. నేలకు ఆనిన వైపు ముందు, రెండో కాలు నెమ్మదిగా. నున్నటి గచ్చు మీద కాక మందపాటి చాప మీద, ఎదురుగా ఒకరి రెండు చేతులూ పట్టుకుని.

పైనుంచి వేలాడే గుడ్డలు, ట్రపీజు (తాళ్లకు వేలాడే ఊగే కర్ర) గురించి పిల్లలు మొదటి వారమే అడుగుతారు. హాలు దూలానికి తాడు కట్టేసి మొదలుపెట్టేవాళ్లున్నారు. వద్దు. ఊగే మనిషి, హఠాత్తుగా జారి ఆగే మనిషి తన బరువుకు ఎన్నో రెట్లు లాగుతారు. దూలం, కొక్కెం, తాడు అన్నీ అందుకు లెక్కగట్టి, తెలిసినవారు పరీక్షించి ఉండాలి. మంటలతో ఫీట్లయితే లెక్కలోకే రావు.

ఏవి చెడతాయి

బంతితో ఇంకొకరిని కొట్టడం: బంతిని లాక్కోకండి, ఆ పిల్లను మూల చాప మీదకు రమ్మనండి. అది శిక్ష చాప కాదు, ఎవరైనా ఎప్పుడైనా వెళ్లి కూర్చోగలిగే చోటు. కార్యకర్త పక్కన కూర్చుంటారు, మాట్లాడించరు. "రేపటి తరగతికి రావద్దు" అన్న శిక్షను అసలు వాడకండి. బయటికి తోసేయడం వీళ్లకు తెలిసిన విషయమే, కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. మరొకరికి ప్రమాదమైతే ఆ రోజుకు ఆపండి, తర్వాతి తరగతికి మీరే వెళ్లి పిలవండి.

ప్రాణం లెక్క లేనట్టు దూకే పిల్లవాడు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. అతన్ని ధైర్యవంతుడని మెచ్చుకుంటే ఇంకా పైకి ఎక్కుతాడు. నేలమీదే ఉంటూ చాలా కష్టమైన పని ఇవ్వండి: నాలుగు బంతులు, పిరమిడ్‌లో కింది మధ్య స్థానం. అతను కదిలితే నలుగురు పడతారన్న బాధ్యత, "జాగ్రత్త" అన్న మాట చేయలేని పని చేస్తుంది.

సాధన మధ్యలో, పక్కన నిలబడి చేతులు పని చేస్తుండగా, ఎదురుగా చూడకుండా పిల్లలు తమకు జరిగినవి చెప్పేస్తుంటారు. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. గుచ్చి గుచ్చి అడగకండి. "చెప్పి మంచి పని చేశావు, దీన్ని ఫలానా వారికి చెప్పాల్సి ఉంటుంది" అనండి. వాళ్లు వాడిన మాటలే ఆ రోజే రాసి పిల్లల రక్షణ బాధ్యత ఉన్న వ్యక్తికి ఇవ్వాలి. శిక్షకుల విషయంలోనూ అంతే కఠినంగా ఉండాలి: గత చరిత్ర తనిఖీ, ఒక పెద్దమనిషి ఒక పిల్లతో ఒంటరిగా ఉండకపోవడం, సొంత ఫోన్‌లో సందేశాలు లేకపోవడం, శిక్షకుడి మీద ఫిర్యాదు శిక్షకుడి దగ్గరకు కాక వేరే చోటికి వెళ్లే దారి. శరీరాన్ని ముట్టుకునే విద్య కాబట్టే దీని చాటున తప్పుడు మనిషి దూరడం తేలిక.

ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, పాత ఎముక విరుగుళ్ల వివరాలు మొదటి రోజుకు ముందే కాగితం మీద ఉండాలి. తలకు దెబ్బ తగిలితే పిల్ల ఎంత బాగున్నానన్నా ఆ రోజుకు ఆట లేదు. వాంతి, మత్తు, పెరిగే తలనొప్పి, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి.

ప్రదర్శన

వద్దని ఎందుకన్నానంటే: దాతలు వస్తున్నారనగానే బంతి పడటం మళ్లీ నేరమవుతుంది. శిక్షకుడి గొంతు మారుతుంది, తడబడే పిల్లలు వెనక వరసలోకి పోతారు, వ్యాఖ్యాత మైకులో "వీధి నుంచి వచ్చిన ఈ చిన్నారి" అంటాడు. మూడు నెలలు కట్టుకున్నది ఒక్క సాయంత్రంలో పోతుంది. మూడో నెల చివర చూపించండి, కానీ పిల్లలు పిలిచినవాళ్ల ముందు: గృహంలోని మిగతా పిల్లలు, వంటవాళ్లు, కాపలాదారు, బడి నుంచి ఒక టీచరు. ఇరవై నిమిషాలు మించకూడదు. ఏ అంశమూ ఒక్కరి మీదే ఆధారపడకూడదు, అప్పుడే ఆ ఉదయం "నేను చేయను" అన్న పిల్లకు నిజంగా ఆ హక్కు ఉంటుంది. బంతి పడితే ఏం చేయాలో కూడా సాధన చేయించండి: ఆగి, చేతులు బార్లా చాపి, ప్రేక్షకులకు వంగి నమస్కారం, మళ్లీ మొదలు. ఆ నమస్కారం బాగా వచ్చిన పిల్లలు కొందరు కావాలనే పారేసుకుంటారు. అప్పుడు మీ పని సరిగ్గా జరిగిందనుకోవచ్చు.

ఎవరి గతమూ వేదిక మీదకు రాకూడదు. ఫొటోలకు సంరక్షకుడి అనుమతి ఒక్కటే చాలదు, పిల్ల అనుమతీ కావాలి, తర్వాత వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. వెతుకుతున్న మనిషి నుంచి దాక్కున్న పిల్లను ఒక్క ఫొటో పట్టించగలదు. తెలియకపోతే చేతులు, పాదాలు, ఎగిరే బంతులే తీయండి.

ఎవరైనా దీన్నే వృత్తిగా చేసుకుంటానంటే నవ్వి కొట్టేయకండి. థాయ్‌లాండ్ సరిహద్దులోని శరణార్థి శిబిరంలో బొమ్మలు గీయడం నేర్చుకుంటూ పెరిగిన కంబోడియా యువకులు తిరిగొచ్చి 1994లో తమ దేశంలోని బట్టంబాంగ్‌లో ఫారే పొన్లూ సెల్పాక్ స్థాపించారు. 1998లో సర్కస్ బడి చేరింది, అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు టికెట్టు పెట్టి ప్రదర్శనలిస్తూ జీతాలు తీసుకుంటున్నారు. కానీ అది ఏళ్ల శిక్షణ, రోజూ సాధన, పక్కనే చదువు. వారానికి రెండు సాయంత్రాలతో ఆ ఆశ పెట్టకూడదు. రుమేనియాలో విదూషకుడు మిలూద్ ఉకిలి 1992లో బుకారెస్ట్ వీధిపిల్లలతో మొదలుపెట్టి 1996లో పరాడా సంస్థగా నిలబెట్టిన పనిలోనూ బంతుల వెనకే గుర్తింపు కాగితాలు, వైద్యం, బడి నడిచాయి. సర్కస్ పిల్లలను తలుపు దాకా తెస్తుంది. లోపల ఇంకేమీ లేకపోతే వాళ్లు తిరిగి వెళ్లిపోతారు.

ఫలితం ఎలా కొలవాలని ఎవరైనా అడిగితే "నేరాలు తగ్గుతాయి" అని రాసివ్వకండి. ఈ రంగంలో జరిగిన పరిశీలనల్లో చాలావరకు చిన్న జట్ల మీద, పోల్చి చూసే జట్టు లేకుండా జరిగినవే. మీరు నిజంగా చూడగలిగేవి రాయండి: హాజరు, సమయానికి రావడం, పడేశాక మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నిస్తున్నారు, అడగకుండా పక్కవాళ్లకు సాయం, పెద్దవాళ్లు కల్పించుకోకుండా తీరిన గొడవలు. తరగతి అయిన వెంటనే ఇద్దరు పెద్దవాళ్లూ కలిసి ఒక్కో పిల్ల గురించి ఒక్కో వాక్యం రాస్తే పదిహేను నిమిషాల పని. రెండో వారం, ఆరో వారం, పన్నెండో వారం పుటలు పక్కపక్కన పెట్టి చదవండి.

ఇక ఆఖరు తరగతి తేదీ. శిక్షకుడు ఎన్నాళ్లు ఉంటాడో మొదటి రోజే పిల్లలకు చెప్పండి, నాలుగు వారాల ముందు మళ్లీ చెప్పండి, గోడ మీద తేదీలు రాసి పిల్లలచేతే ఒక్కొక్కటీ కొట్టేయించండి. చెప్పకుండా మాయమైన పెద్దవాళ్లు వాళ్ల జీవితంలో ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆఖరి వారాల్లో కొందరు రావడం మానేస్తారు, కొందరు కావాలని గొడవ పెట్టుకుంటారు, తామే ముందు వదిలేసినట్టుండాలని. కోప్పడకుండా వెళ్లి పిలవండి. అలమారలో పేరున్న సంచులు మాత్రం తిరిగి తీసుకోకండి. ఆ మూడు బంతులూ పిల్లలతోనే వెళ్లాలి.